మార్లవాయి బడి - హైమన్‌డార్ఫుగారి జీవితము

బడి పెట్టుటకు పంతులు కావలెను. పంతులు దొరకవలెనన్నచో ముందు బడి యుండవలెను. 1943వ సంవత్సరమున ఆదిలాబాదు జిల్లా గోండుగూడెములలో ఈ చిక్కు నిజముగనే యెదురైనది. దానిని విప్పుటకు పూనుకొన్నవారు విద్యాశాఖవారు కారు. ఆస్ట్రియా దేశమునుండి వచ్చిన మానవశాస్త్ర పండితులు, క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫుగారు.

వీరు 1909లో వియన్నా నగరమున జన్మించి, అచ్చటి విశ్వవిద్యాలయములోనే డాక్టరు పట్టమును పొందిరి. తరువాత లండనులో మలినోవ్‌స్కీ పండితుని చెంత కొంతకాలము పరిశ్రమ చేసి, 1936లో నాగా కొండలకు పోయి కొన్యాక్ నాగులతో కలసి వసించిరి. 1938లో ఎలిజబెత్ అను ఆంగ్ల వనితను వివాహమాడిరి. మరుసటి యేట దంపతులు హైదరాబాదు సంస్థానమునకు వచ్చిరి. అంతలో యుద్ధము మొదలైనది. ఆస్ట్రియాను జర్మనీ అంతకుముందే కలుపుకొనియుండుటచే వీరు శత్రుదేశ ప్రజగా ఎంచబడి, సంస్థానపు ఎల్లలు దాటరాదని కట్టడి చేయబడిరి. ఆ కట్టడి వారికి కష్టమే కాని మన మన్యమునకు మేలైనది. వారు ఊరక కూర్చుండక నల్లమలలో చెంచులను, గోదావరి కొండలలో కొండరెడ్లను పరిశీలించిరి.

1940లో జోడేఘాటు కొండలపై కుమురం భీము, ఆయన అనుచరులు పోలీసు తుపాకులకు బలియైరి. గోండులు ఏల తిరుగబడిరో తెలిసికొనవలెనను ఆలోచన నైజాము ప్రభుత్వమునకు అప్పుడు కలిగెను. రక్తము చిందిన పిమ్మటగాని ఆ ఆలోచన రాకపోవుట విచారకరము. ఆ పని హైమన్‌డార్ఫుగారికి అప్పగింపబడెను. వారు ఉట్నూరు ప్రాంతమున మార్లవాయి గ్రామము చేరి, లచ్చు పటేలు ఆదరమున అక్కడనే గుడిసెలో నివసించుచు, గోండి భాష నేర్చి, గోండుల పండుగలలో, పంచాయతులలో కూర్చుండిరి.

తిరుగుబాటునకు కారణము భూమియని వారికి త్వరలోనే తేటపడెను. తాతలనాటినుండి గోండు దున్నుచున్న చేను అడవిశాఖవారి గీతలోపల పడుచుండెను; లేదా వలసవచ్చిన ఆసామి పేర పట్టా యగుచుండెను. పట్టా, రసీదు, దరఖాస్తు అన్నియు ఉర్దూలోనో మరాఠీలోనో ఉండును. కాగితములో ఏమున్నదో చదివి చెప్పువాడు పట్వారి, వ్రాసినవాడును అతడే. గోండు చేయగలిగినది వ్రేలిముద్ర వేయుట మాత్రమే. కావున భూమి నిచ్చినంత మాత్రమున చాలదనియు, ఇచ్చిన కాగితమును చదువుకొను శక్తిని గూడ ఈయవలెననియు హైమన్‌డార్ఫుగారు నిశ్చయించిరి. వారి విద్యాప్రణాళిక యంతయు ఈ యొక్క నిశ్చయమునుండి పుట్టినదే.

1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణకేంద్రము తెరువబడెను. పైనుండి పంతుళ్లను పంపిన అడవిలో నిలువరు. నిలిచినను పిల్లలకు వారి మాట తెలియదు. అందుచే అంతంతమాత్రము మరాఠీ అక్షరములు తెలిసిన గోండు యువకులను వెదకి తెచ్చి, ముందుగా వారికే చదువు చెప్పిరి. పిల్లలకంటె ముందు పెద్దలు విద్యార్థులైరి! గోండికి వాడుకలో లిపి లేకపోవుటచే వాచకములను నాగరి లిపిలో కూర్చిరి. (గుంజాల గ్రామమునందలి గోండి లిపి వ్రాతప్రతులు లోకమునకు తెలిసినది 2006 ప్రాంతముననే.) గోండుల పురాణగాథలు గూడ పుస్తకములుగా వచ్చెను. తల్లి చెప్పిన కథనే పుస్తకములో చూచిన పిల్లవానికి అక్షరము పరాయిదిగా తోచదు గదా!

గోండి చదివిన ఏ కచేరీలో పని జరుగునని కొందఱికి సందేహము కలుగవచ్చును. దానికి సమాధానము ప్రణాళికలోనే కలదు. గోండి మొదటి మెట్టు మాత్రమే. దాని తరువాత మరాఠీ, ఆపైన నాటి రాజభాషయగు ఉర్దూ, లెక్కలు నేర్పబడెను. శిక్షణ ముగించినవారు తమ తమ ప్రాంతములకు పోయి బడులు తెరచిరి. కొందఱు పట్వారులుగను, అడవిశాఖ కొలువులోను కుదిరిరి. కాగితము వ్రాయు చేయియే గోండు చేయి యగుట చిన్న మార్పు కాదు. గోండి నేర్చిన సేతు మాధవరావు పగడీగారివంటి అధికారులు ఈ పనికి తోడ్పడిరి.

నడుమ 1944-45లో ఈశాన్య సరిహద్దు కొండలలో ఉద్యోగము చేసి వచ్చి, హైమన్‌డార్ఫుగారు నైజాము ప్రభుత్వమునకు గిరిజన వ్యవహారముల సలహాదారులైరి. ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఆచార్యులుగను ఉండిరి. 1949 నాటికి జిల్లాలో గిరిజనులకు లక్షన్నర యెకరములకు మించి పట్టాలు లభించెను. ఆ యేడే వారు లండనులోని ప్రాచ్య, ఆఫ్రికా విద్యాసంస్థలో చేరి, 1951లో ఆచార్య పదవి పొంది, 1976లో విరమించిరి. నేపాలు కొండజాతులపై వారు చేసిన పరిశోధన ఈ కాలములోనిదే.

మార్లవాయి ప్రణాళిక మాత్రము అట్లు సాగలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా బడిభాష తెలుగైనది. గోండి వాచకములు మూలపడెను. మరాఠీలో నేర్చిన గోండు పంతుళ్లు తిరిగి పలక పట్టవలసి వచ్చెను. కొలదిమంది అధికారుల శ్రద్ధపై నిలిచిన పని, వారు పోగానే సడలుట ఆశ్చర్యము కాదు. ఇది ఆ ప్రణాళికలోని లోపమని చెప్పక తప్పదు. పదవీ విరమణానంతరము వారు మరల వచ్చి చూడగా, తాము ఇప్పించిన భూములలో అనేకము వలసవచ్చినవారి చేతులలో ఉండెను. ఆ వేదననే 1982లో భారత గిరిజనుల జీవన్మరణ పోరాటమును గూర్చిన గ్రంథముగా ప్రకటించిరి. అయినను చదువు పూర్తిగా వమ్ముకాలేదు. మార్లవాయిలో అక్షరము నేర్చినవారి బిడ్డలు, మనుమలు పలువురు పంతుళ్లైరి.

ఎలిజబెత్‌గారు 1987 జనవరిలో హైదరాబాదున మరణింపగా, మార్లవాయిలో సమాధి చేయబడిరి. హైమన్‌డార్ఫుగారు 1995లో లండనులో కన్నుమూసిరి. 2012లో వారి కుమారుడు అస్థికలను తెచ్చి తల్లి సమాధి చెంత నుంచెను. ప్రతి సంవత్సరము జనవరి 11వ తేదీన చుట్టుపట్ల గూడెములవారు అచ్చట చేరి, తమ ఆచారము ప్రకారము వారిని తలచుకొందురు.