వేగసాధకుడు జెస్సీ ఓవెన్స్

పరుగు మానవునికి పుట్టుకతోనే అబ్బే విద్య అని చాలామంది భావిస్తారు. నడక నేర్చిన ప్రతి శిశువూ పరుగెత్తగలడు గనుక అందులో ప్రత్యేకంగా నేర్వవలసింది ఏమీ లేదని అనుకుంటారు. కాని పరుగు ఒక కళ. ఒక శాస్త్రం కూడా. పాదం నేలను తాకే తీరు, భుజాల సడలింపు, చేతుల ఊపు, ఆరంభంలో దేహాన్ని వంచే విధానం కలిసి వేగాన్ని నిర్ణయిస్తాయి. ఈ సత్యాన్ని తన జీవితంతో నిరూపించిన మహాక్రీడాకారుడు జెస్సీ ఓవెన్స్.

ఓవెన్స్ 1913 సెప్టెంబరు 12న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, ఓక్‌విల్ అనే పల్లెలో జన్మించాడు. తల్లిదండ్రుల పదిమంది సంతానంలో ఆయనే కనిష్ఠుడు. ఆ కుటుంబపు పూర్వులు బానిసలు. తండ్రి ఇతరుల భూమిని పాలుకు సాగుచేసి, పంటలో వచ్చిన భాగంతో ఇల్లు గడిపేవాడు. చలికాలం వచ్చిందంటే శ్వాసకోశ వ్యాధులు ఆ పసివాణ్ణి పీడించేవి. ఒకసారి ఛాతీపై గడ్డ లేచింది. వైద్యుని వద్దకు తీసుకువెళ్ళే స్తోమత లేక తల్లే కత్తితో దానిని కోసి తొలగించింది. అటువంటి రోగిష్ఠి బాలుడు ఒకనాడు లోకంలోకెల్లా వేగవంతుడవుతాడని ఎవరూ ఊహించి ఉండరు.

ఆ బాలునికి తొమ్మిదేళ్ళ ప్రాయంలో కుటుంబం ఉత్తరాదిన ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లండ్ నగరానికి వలస వెళ్ళింది. జేమ్స్ క్లీవ్‌లండ్ అన్నది అతని అసలు పేరు. ఇంట్లో అందరూ పొడి అక్షరాలతో జె.సి. అని పిలిచేవారు. కొత్త బడిలో ఉపాధ్యాయురాలు పేరు అడిగినప్పుడు, దక్షిణాది యాసలో అతడు చెప్పిన మాట ఆమెకు జెస్సీ అని వినిపించింది. నాటి నుండి అదే అతని పేరయింది.

ఫెయిర్‌మౌంట్ పాఠశాలలో చార్లెస్ రైలీ అనే వ్యాయామోపాధ్యాయుడు ఆ బాలునిలోని శక్తిని గుర్తించాడు. బడి ముగిసిన తరువాత జెస్సీ చెప్పులు బాగుచేసే దుకాణంలో పనికి వెళ్ళవలసి వచ్చేది. అందువల్ల సాయంత్రపు అభ్యాసం అసాధ్యమైంది. రైలీ విసుగు చెందక, ప్రతిదినం బడి ప్రారంభం కాకముందే వచ్చి అతనికి శిక్షణ ఇచ్చాడు. ఆ రోజుల్లో శ్వేతజాతీయుడైన ఒక గురువు నల్లజాతి విద్యార్థిని కన్నకొడుకులా ఆదరించడం సామాన్య విషయం కాదు.

రైలీ నేర్పిన మొదటి పాఠం పాదలాఘవం. కాలుతున్న నేలపై పరుగెత్తేవాడు ఎలా అడుగు మోపీమోపకుండా సాగిపోతాడో అలా పరుగెత్తాలని ఆయన బోధించాడు. దీనిలో లోతైన సూత్రం ఉంది. పాదం దేహానికి చాలా ముందుగా పడితే అడుగడుగునా వేగానికి అడ్డుకట్ట పడుతుంది. ముందరి పాదంపై, దేహానికి దాదాపు దిగువనే అడుగుపడి వెంటనే లేస్తే వేగం తరగదు. రెండవ పాఠం కోసం రైలీ శిష్యుణ్ణి గుర్రప్పందేలకు తీసుకువెళ్ళాడు. శరవేగంతో దౌడుతీసే అశ్వం ముఖంలో ప్రయాస కనిపించదు. పళ్ళు బిగించి, మెడ నరాలు ఉబ్బించి పరుగెత్తేవాడు తన బలాన్ని తానే వృథా చేసుకుంటాడు. ముఖం, మెడ, భుజాలు సడలి ఉంటేనే కాళ్ళూ చేతులూ స్వేచ్ఛగా ఆడతాయి. ఓవెన్స్ ఈ రెండు పాఠాలను జీవితాంతం మరువలేదు. తరువాతి కాలంలో ఆయన పరుగును చూసినవారికి అది అప్రయత్నంగా సాగుతున్నట్లు తోచేది. ఆ తేలికదనం వెనుక ఏళ్ళ తరబడి సాగిన ఉదయకాలపు సాధన ఉంది.

విజయాలు ఒక్కసారిగా రాలేదు. 1932లో ఒలింపిక్ ఎంపిక పోటీల ప్రాథమిక దశలోనే ఆయన ఓడిపోయాడు. మరుసటి సంవత్సరం జాతీయ పాఠశాలల పోటీలలో 100 గజాల దూరాన్ని 9.4 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డుతో సమానుడయ్యాడు. అనంతరం ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ ఉపకారవేతనం లభించలేదు. నల్లజాతివాడైనందున విద్యార్థి వసతిగృహంలో చోటూ దొరకలేదు. జట్టుతో ప్రయాణించేటప్పుడు తోటివారితో కలిసి భోజనం చేసే వీలుండేది కాదు. లిఫ్టు నడపడం వంటి పనులు చేస్తూ ఆయన చదువు సాగించాడు. శిక్షకుడు లారీ స్నైడర్ ఆయన పరుగులోని బలహీనత ఆరంభంలో ఉన్నదని గ్రహించాడు. వంగి కూర్చునే భంగిమను, చేతుల కదలికను ఓపికతో సరిదిద్దాడు.

1935 మే 25న ఆన్ ఆర్బర్‌లో ఈ సాధన ఫలించింది. కొద్దిరోజుల క్రితం మెట్లపై జారిపడినందున ఓవెన్స్ నడుము నొప్పితో బాధపడుతున్నాడు. అయినా సుమారు 45 నిమిషాలలో మూడు ప్రపంచ రికార్డులు నెలకొల్పి, మరొకదానిని సమం చేశాడు. ఆనాడు లాంగ్ జంప్‌లో ఆయన దూకిన 8.13 మీటర్ల దూరం 25 సంవత్సరాలు చెక్కుచెదరలేదు.

1936లో ఒలింపిక్ క్రీడలు నాజీల పాలనలో ఉన్న బెర్లిన్‌లో జరిగాయి. ఆర్యజాతి ఔన్నత్యాన్ని చాటాలని ఆ పాలకులు తలపెట్టారు. నాటి క్రీడాకారులకు ఆరంభపు దిమ్మెలు కూడా లేవు. చిన్న తాపీతో నేలలో గుంతలు తవ్వుకొని పాదాలు ఆనించుకొనేవారు. ఆ బాటపై ఓవెన్స్ 100 మీటర్లను 10.3 సెకన్లలోను, 200 మీటర్లను 20.7 సెకన్లలోను పూర్తిచేశాడు. లాంగ్ జంప్‌లోను, 4×100 మీటర్ల రిలేలోను కూడా కలిపి నాలుగు స్వర్ణ పతకాలు గెలిచాడు. లాంగ్ జంప్‌లో ఓడిన జర్మన్ క్రీడాకారుడు లుజ్ లాంగ్ వేలాదిమంది సమక్షంలో ఆయనను అభినందించి, ఆయనతో చేయి కలిపి నడిచాడు.

ఈ విజయం తరువాత వింత వాదమొకటి వినిపించింది. నల్లవారి ఎముకలలో, కండరాలలోనే ఏదో విశేషముందని, ఆ వేగం జాతి లక్షణమని కొందరు ప్రచారం చేశారు. పొగడ్తలా కనిపించే ఆ మాట ఒక మనిషి పడిన శ్రమనంతా చెరిపివేస్తుంది. హోవర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శరీర శాస్త్రజ్ఞుడు మాంటేగ్ కాబ్ 1936లోనే ఓవెన్స్ దేహపు కొలతలను పరిశీలించి, ఆ వాదానికి ఆధారం లేదని తేల్చాడు. శిక్షణ, పట్టుదల విజయానికి కారణాలని వివరించాడు.

స్వదేశంలో ఓవెన్స్‌కు తగిన గౌరవం దక్కలేదు. అధ్యక్షుని నుండి ఆహ్వానం రాలేదు. అలసట వల్ల విదేశీ యాత్రను మధ్యలో విరమించినందుకు క్రీడాసంఘం ఆయనను బహిష్కరించింది. బ్రతుకుతెరువు కోసం గుర్రాలతో పోటీపడి పరుగెత్తవలసి వచ్చింది. ఒకప్పుడు గురువు ఆదర్శంగా చూపిన ఆ జంతువుతోనే పొట్టకూటికై పందెం వేయడం ఆయన జీవితంలోని విషాదం. అయినా ఆయన క్రుంగిపోలేదు. 1955లో అమెరికా ప్రభుత్వ సౌహార్ద దూతగా భారతదేశానికి కూడా వచ్చాడు. 1976లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నాడు. 1980 మార్చి 31న ఊపిరితిత్తుల కేన్సర్‌తో మరణించాడు.

ఓవెన్స్ నెలకొల్పిన రికార్డులన్నీ కాలక్రమంలో చెరిగిపోయాయి. రికార్డులకు అది సహజం. కాని ఒక పేద విద్యార్థి వేకువనే లేచి, గురువు చెప్పిన చిన్న చిన్న దోషాలను ఒక్కొక్కటిగా దిద్దుకొన్న తీరు నేటికీ ఆదర్శమే. ప్రతిభ వరమే కావచ్చు. ఆ వరాన్ని నిలబెట్టేది సాధన.