బాటసారి మూటంత చాలు

క్రీ.శ. 656 ప్రాంతం. ఇరాక్‌లోని మదాయిన్ పట్టణంలో ఒక వృద్ధుడు మరణశయ్యపై ఉన్నారు. ఆయన దైవప్రవక్త (సఅసం) ప్రియ సహచరులు హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి). పరామర్శించడానికి వచ్చిన హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఆయన కళ్ళలో నీళ్ళు చూసి ఆశ్చర్యపోయారు. దైవప్రవక్త (సఅసం) తమపట్ల సంతుష్టులై లోకం వీడారు కదా, ఇక ఈ కన్నీళ్ళు దేనికని అడిగారు.

చావుకు భయపడి గానీ, ఈ లోకం మీద మోజుతో గానీ తాను ఏడవటం లేదని సల్మాన్ (రజి) బదులిచ్చారు. ప్రపంచంలో ఒక బాటసారి వెంట ఉండేటంత సామగ్రితోనే సరిపెట్టుకోవాలని దైవప్రవక్త (సఅసం) తమచేత ప్రమాణం చేయించారని, తాను ఆ హద్దు దాటానేమోనని భయంగా ఉందని చెబుతూ తన చుట్టూ ఉన్న సామాను చూపించారు. ఇంతకీ ఆ సామాను ఏమిటి? ఒక పెద్ద గిన్నె, ఒక పళ్ళెం, వుజూ చేసుకునే ఒక చెంబు. అంతే!

సోదర సోదరీమణులారా! ఈ సంఘటన రాస్తున్న మేము కూడా ఆ సామాను పట్టిక చదివి తల దించుకున్నవాళ్ళమే. ఆ మూడు పాత్రల లెక్కకే ఆయన అంతగా కలవరపడితే మన గతేమిటన్న భయం ఎవరికైనా కలుగుతుంది. అయితే ఆయన జీవితాన్ని మొదటినుంచీ చూస్తే మరో సంగతి కూడా బోధపడుతుంది. ఇంత తక్కువ సామానుతో ఆయన ఎంతో నిశ్చింతగా బ్రతికారు. ఆ నిశ్చింత ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుందాం.

సల్మాన్ (రజి) పేదరికంలో పుట్టినవారు కాదు. పర్షియా దేశంలో ఇస్ఫహాన్ సమీపాన ఉన్న జయ్య్ అనే ఊరు ఆయన స్వస్థలం. తండ్రి ఆ ఊరి పెద్ద, భూస్వామి. కొడుకంటే ఆయనకు పంచప్రాణాలు. ఆ ప్రేమ ఎంత దూరం వెళ్ళిందంటే, ఆడపిల్లను దాచినట్లు కొడుకును ఇంట్లోనే ఉంచేవారు. వారిది అగ్నిని పూజించే మతం. నిప్పు ఆరిపోకుండా చూసే బాధ్యత ఆ యువకుడిదే.

ఒకరోజు తండ్రి తన కట్టడం పనుల్లో తీరిక లేక కొడుకును పొలానికి పంపారు. దారిలో ఒక చర్చి నుంచి ప్రార్థన వినిపించింది. సల్మాన్ లోపలికి వెళ్ళి పొద్దుగూకే దాకా అక్కడే ఉండిపోయారు. సంగతి తెలిసిన తండ్రి కొడుకు కాళ్ళకు గొలుసులు వేయించారు. కాని సత్యం కోసం దాహం పుట్టిన మనిషిని గొలుసులు ఆపగలవా? సల్మాన్ వాటిని వదిలించుకుని ఒక బిడారుతో కలిసి సిరియా చేరుకున్నారు. భూములు, హోదా, తండ్రి గారాబం అన్నీ వెనకే ఉండిపోయాయి.

సిరియాలో ఆయన ఒక మతాచార్యుడి సేవలో చేరారు. ఆ మనిషి దానధర్మాలు చేయండంటూ జనానికి బోధించేవాడు. వచ్చిన సొమ్మును మాత్రం పేదలకు ఇవ్వకుండా దాచుకునేవాడు. అతను చనిపోయాక సల్మాన్ ఆ సంగతి జనానికి చెప్పి, దాచిన చోటు చూపించారు. అక్కడ వెండి బంగారాలతో నిండిన ఏడు కుండలు బయటపడ్డాయి. వాటిని కూడబెట్టినవాడు ఒక్క నాణెం కూడా వెంట తీసుకుపోలేదు. పైగా జనం అతనికి గౌరవంగా ఖననం కూడా దక్కనివ్వలేదు. యువకుడైన సల్మాన్ కళ్ళారా చూసిన పాఠమిది.

ఆ తర్వాత ఆయన సజ్జనులైన గురువులను వెదుక్కుంటూ మోసుల్, నసీబీన్, అమూరియా పట్టణాలు తిరిగారు. అమూరియాలో కష్టపడి కొన్ని ఆవులు, ఒక చిన్న గొర్రెల మంద సంపాదించుకున్నారు. అంతిమ ప్రవక్త అరబ్బు గడ్డపై ప్రభవించనున్నారని అక్కడి గురువు చెప్పగానే, తన దగ్గరున్న పశువులన్నింటినీ కొందరు అరబ్బు వర్తకులకు ఇచ్చి, బదులుగా తనను అరేబియా చేర్చమన్నారు. వాళ్ళు పశువులు తీసుకున్నారు, దారిలో వాదీ అల్ ఖురా వద్ద ఆయన్నే బానిసగా అమ్మేశారు! అలా చేతులు మారి చివరకు మదీనాలోని బనూ ఖురైజా తెగకు చెందిన ఒక యూదుని ఖర్జూరపు తోటలో పనివాడయ్యారు.

మానవ దృష్టితో చూస్తే ఆయన సర్వం పోగొట్టుకున్నారు. కాని ఏ ఊరు చేరాలని బయలుదేరారో ఆ ఊరే చేరారు. దైవప్రవక్త (సఅసం) మదీనా విచ్చేశాక, గురువు చెప్పిన గుర్తులను ఒక్కొక్కటిగా సరిచూసుకుని ఇస్లాం స్వీకరించారు. యజమాని ఆయన స్వేచ్ఛకు కట్టిన వెల మూడు వందల ఖర్జూరపు మొక్కలు, నలభై ఊఖియాల బంగారం. సహాబాలు తలా కొన్ని మొక్కలు తెచ్చి ఇచ్చారు. దైవప్రవక్త (సఅసం) స్వయంగా తమ చేతులతో నాటారు. బానిసత్వం కారణంగా బద్ర్, ఉహుద్ యుద్ధాల్లో పాల్గొనలేకపోయిన సల్మాన్ (రజి), హిజ్రీ 5వ ఏట (క్రీ.శ. 627) జరిగిన ఖందఖ్ యుద్ధంలో పాల్గొన్నారు. మదీనా రక్షణకు కందకం తవ్వాలన్న సలహా ఆయనదేనని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. నిరాడంబరత అంటే ఇల్లూ వాకిలీ వదిలేయడమని, ఆలుబిడ్డలను మాడ్చడమని కొందరు భావిస్తారు. దానికి సల్మాన్ (రజి) జీవితమే జవాబు. దైవప్రవక్త (సఅసం) ఆయనకూ హజ్రత్ అబూ దర్దా (రజి)కూ సోదర బంధం కలిపారు. ఒకసారి సల్మాన్ (రజి) ఆ సోదరుని ఇంటికి వెళ్ళేసరికి ఇల్లాలు మాసిన బట్టలతో కనిపించారు. కారణం అడిగితే, మీ సోదరునికి ఈ లోకంతో పని లేదని ఆమె చెప్పారు. అబూ దర్దా (రజి) అతిథికి భోజనం పెట్టి తాను ఉపవాసమన్నారు. మీరు తింటేగాని నేను తిననని సల్మాన్ (రజి) పట్టుబట్టి ఆయనచేత తినిపించారు. రాత్రి ఆయన నమాజుకు లేవబోతే ఆపి పడుకోబెట్టారు. రాత్రి చివరి భాగంలో ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకు హక్కు ఉన్నట్లే దేహానికీ, కుటుంబానికీ హక్కులున్నాయని, ఎవరి హక్కు వారికి ఇవ్వాలని నచ్చజెప్పారు. విషయం దైవప్రవక్త (సఅసం) వరకూ వెళితే, సల్మాన్ చెప్పింది నిజమని ఆయన ధ్రువీకరించారు.

ఆ తర్వాతి కాలంలో సల్మాన్ (రజి) మదాయిన్‌కు గవర్నరుగా నియమితులయ్యారు. మదాయిన్ అంటే మామూలు ఊరు కాదు. పర్షియా చక్రవర్తుల రాజధాని. క్రీ.శ. 637లో ముస్లిం సేనలు ప్రవేశించినప్పుడు అక్కడి రాజభవనంలో పచ్చని తోటను తలపించేలా బంగారం, రత్నాలతో అల్లిన ఒక బృహత్తరమైన తివాచీ దొరికింది. దాన్ని మదీనాకు తరలించి ముక్కలుగా పంచారు. హజ్రత్ అలీ (రజి) వంతుకు వచ్చిన ముక్క ఒక్కటే ఇరవై వేలకు అమ్ముడుపోయిందని చరిత్రకారుడు తబరీ నమోదు చేశారు.

అలాంటి నగరానికి పాలకులైన సల్మాన్ (రజి) ఎలా బ్రతికారు? ఏటా వచ్చే ఐదు వేల దిర్హముల భత్యాన్ని దానం చేసేసేవారు. సగం కప్పుకుని సగం పరచుకునే ఒకే దుప్పటితో జనానికి ప్రసంగించేవారు. జీవనోపాధికి ఖర్జూరపు ఆకులతో బుట్టలు అల్లేవారు. ఒక దిర్హముకు ఆకులు కొని, అల్లి, మూడు దిర్హములకు అమ్మేవారు. అందులో ఒకటి మళ్ళీ ఆకులకు, ఒకటి ఇంటి ఖర్చుకు, ఒకటి సదఖాకు. ఇల్లు కట్టించి ఇస్తామంటే ఒప్పుకోలేదు. చివరకు నిలబడితే తలకు కప్పు తగిలేటంత, పడుకుంటే కాళ్ళకు గోడ తగిలేటంత ఇల్లయితే సరేనన్నారు. ఒకసారి సిరియా నుంచి వచ్చిన ఒక వ్యక్తి ఆయన వేషం చూసి కూలీ అనుకుని తన మూట మోయమన్నాడు. దారిన పోయేవారు గవర్నరుగారిని గుర్తుపట్టాక అతను హడలిపోయి మూట దించమన్నా, ఆయన ఇంటి దాకా మోసి మరీ దించారు.

ఆ మూడు దిర్హముల లెక్కను కాస్త ఆలోచించండి. ఆయన మనశ్శాంతి రహస్యం అందులోనే ఉంది. చేతికి వచ్చిన ప్రతి నాణెం ఎవరిదో ఆయనకు ముందే తెలుసు. పనిది పనికి, ఇంటిది ఇంటికి, పేదలది పేదలకు. ఎవరి హక్కూ కాని వస్తువు ఆయన ఇంట్లో మిగిలేది కాదు. కాపలా కాయాల్సింది లేదు, పోతుందన్న దిగులు లేదు, పొరుగువారితో పోలిక లేదు. సోదరునికి చెప్పిన హక్కుల సూత్రాన్నే ఆయన సామానుకూ వర్తింపజేశారు.

మరి మన ఇళ్ళు ఎలా ఉన్నాయి? తలుపు మూయరాని బీరువాలు, అటక నిండా ఏళ్ళ తరబడి తాకని గిన్నెలు, నలుగురి కోసం వాయిదాల మీద కొన్న సామాను. ఆడపిల్ల పెళ్ళి అనగానే జహేజు సామాను కోసం తండ్రి అప్పులపాలవుతున్నాడు. నెల తిరిగేసరికి వాయిదా గుర్తొచ్చి నమాజులో సైతం మనసు నిలవడం లేదు. వస్తువు మన సేవకు వచ్చిందా, మనమే దాని సేవకు కుదిరామా?

ఇస్లాం హలాల్ సంపాదనను కాదనదు. అల్లాహ్ ప్రసాదించిన పరిశుద్ధ వస్తువులను నిషేధించదు. వృధా ఖర్చును, గొప్పలకు పోవడాన్ని మాత్రం వారిస్తుంది. బాటసారి కూడా ఖాళీ చేతులతో బయలుదేరడు. ప్రయాణానికి కావలసింది పెట్టుకుంటాడు, నడకకు అడ్డమయ్యేది వదిలేస్తాడు. ఈ రోజే ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్క బీరువా తెరవండి. ఒక్కో వస్తువు దగ్గర ఆగి, దీని మీద హక్కు ఎవరిదని అడగండి. వాడుకుంటుంటే ఉంచండి. ఎవరికైనా పనికొస్తుందనుకుంటే, మంచిగా ఉన్నప్పుడే గౌరవంగా వారికి చేర్చండి. కొత్తది కొనేముందు కూడా ఇదే ప్రశ్న వేసుకోండి.

సల్మాన్ (రజి) వెళ్ళిపోయాక ఆయన వదిలిన సొమ్ము లెక్కిస్తే ఇరవై పైచిలుకు దిర్హములు తేలింది. చక్రవర్తుల తివాచీలో ఒక ముక్కకు ఇరవై వేలు పలికిన కాలమది! ఆ చక్రవర్తుల భవనంలో నేడు మిగిలింది ఒక కమాను, కొంత శిథిలం. దానికి దగ్గరలోనే సల్మాన్ (రజి) సమాధి ఉంది. ఆయన పేరు మీదే ఆ ఊరిని సల్మాన్ పాక్ అంటున్నారు.

లెక్క ఇవ్వవలసిన రోజున మన మూట తేలికగా ఉండేలా, ఉన్నదానితో తృప్తి చెంది, ఎవరి హక్కు వారికి చేర్చి, ప్రశాంత హృదయంతో తన సన్నిధికి చేరే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.