న్యాయభేరి మ్రోగించిన మాక్స్ రోచ్

1739వ సంవత్సరంలో అమెరికాలోని దక్షిణ కెరొలినాలో, స్టోనో నదీ ప్రాంతాన, నల్లజాతి బానిసలు తిరుగుబాటు చేశారు. వారు డోళ్ళు మ్రోగిస్తూ, ఆ మ్రోతతో తోటి బానిసలను పిలుచుకుంటూ ముందుకు సాగారు. తిరుగుబాటును రక్తంలో ముంచి అణచివేసిన పాలకులు, మరుసటి సంవత్సరమే బానిసలు డోళ్ళు వాయించరాదని శాసనం చేశారు. కత్తికీ తుపాకికీ జంకిన ప్రభువులను చరిత్రలో మనం చాలామందిని ఎరుగుదుము. చర్మవాద్యానికి జంకినవారు వీరు. ఆ జంకు నిష్కారణమైనది కాదని రెండు శతాబ్దాల అనంతరం నిరూపించిన జాజ్ విద్వాంసుడే మాక్స్ రోచ్.

ఆయన 1924 జనవరిలో ఉత్తర కెరొలినాలోని న్యూలాండ్ అనే పల్లెప్రాంతంలో జన్మించాడు. తల్లి చర్చిలో భక్తిగీతాలు ఆలపించేది. బాలునికి నాలుగేళ్ళ ప్రాయంలో ఆ కుటుంబం, దక్షిణాది నల్లవారు అనేకుల వలెనే, బ్రతుకుతెరువు వెదుక్కుంటూ ఉత్తరానికి తరలి న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో స్థిరపడింది. పదేళ్ళు వచ్చేసరికి అతడు భక్తిగీత బృందాలలో డ్రమ్ములు వాయిస్తున్నాడు. 1942లో హైస్కూలు చదువు ముగించాడు. ఆ రోజుల్లోనే డ్యూక్ ఎల్లింగ్టన్ మహావాద్యబృందంలోని డ్రమ్మరు రాలేకపోతే, ఆ స్థానంలో కూర్చుని వాయించే అవకాశం ఈ పద్దెనిమిదేళ్ళ యువకునికి లభించింది.

హార్లెంలోని చిన్న చిన్న రాత్రి క్లబ్బులలో అప్పుడు ఒక కొత్త సంగీతం పురుడు పోసుకుంటున్నది. దానికి బీబాప్ అని పేరు. చార్లీ పార్కర్ శాక్సోఫోన్, డిజ్జీ గిలెస్పీ ట్రంపెట్, వారి వెనుక మాక్స్ రోచ్ డ్రమ్ములు. వెనుక అన్నాను గాని, ఆ మాట సరిపోదు. అంతకు పూర్వపు నాట్యసంగీత బృందాలలో డ్రమ్మరు చేయవలసిన పని కాలితో పెద్ద డ్రమ్మును లెక్క తప్పకుండా కొడుతూ, నర్తకుల అడుగులకు ఆధారమివ్వడం. కెన్నీ క్లార్క్ ప్రారంభించిన మార్పును రోచ్ పరిపూర్ణం చేశాడు. కాలగణనను పెద్ద డ్రమ్ము నుండి తప్పించి, పళ్ళెం వంటి సింబల్ మీదికి తెచ్చాడు. దానితో ఎడమచేయి, రెండు పాదాలు స్వేచ్ఛ పొందాయి. ఒక అవయవం కాలాన్ని నడిపిస్తూ ఉంటే, తక్కినవి ప్రశ్నిస్తాయి, బదులిస్తాయి, అడ్డు తగులుతాయి. మన కచేరీలలో మృదంగ విద్వాంసునికి తని ఆవర్తనం దక్కినట్లు, డ్రమ్మరు కూడా ఒక భావాన్ని స్వతంత్రంగా విస్తరించగలడని ఆయన లోకానికి చూపాడు. జాజ్‌లో అలవాటైన నాలుగు మాత్రల నడక చాలక, 1957లో మూడు మాత్రల నడకతోనే ఒక రికార్డు నింపాడు. అప్పటికే పేరు సంపాదించినవాడు మన్‌హాటన్ సంగీత విద్యాలయంలో విద్యార్థిగా చేరి శాస్త్రీయ సంగీత రచనను అభ్యసించాడన్నది మన విద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగిన విషయం.

నల్లవారు సృష్టించిన సంగీతం మీద లాభం మాత్రం ఇతరుల సంచులలోకి చేరుతున్నదని ఆయన చిన్ననాడే గ్రహించాడు. 1952లో బాస్ వాద్యకారుడైన చార్లెస్ మింగస్‌తో కలిసి డెబ్యూ అనే సొంత రికార్డు సంస్థను నెలకొల్పాడు. అది దీర్ఘకాలం నిలువలేదు. 1954లో క్లిఫర్డ్ బ్రౌన్ అనే ప్రతిభాశాలియైన ట్రంపెట్ వాద్యకారునితో కలిసి ఒక పంచవాద్య బృందాన్ని నడిపించసాగాడు. 1956 జూన్‌లో పెన్సిల్వేనియా రహదారి మీద జరిగిన కారు ప్రమాదంలో బ్రౌన్, ఆ బృందంలోని పియానో వాద్యకారుడు రిచీ పావెల్, పావెల్ భార్య, ముగ్గురూ మరణించారు. బ్రౌన్‌కు అప్పటికి పాతికేళ్ళు. రోచ్ కృంగిపోయాడు, మద్యానికి బానిస అయ్యాడు. తిరిగి కోలుకోవడానికి చాలా కాలం పట్టింది.

1960 ఫిబ్రవరి 1వ తేదీన ఆయన పుట్టిన ఉత్తర కెరొలినాలోనే, గ్రీన్స్‌బరో పట్టణంలో, నలుగురు నల్లజాతి కళాశాల విద్యార్థులు తెల్లవారికి మాత్రమే ఫలహారం వడ్డించే బల్ల దగ్గర కూర్చుని లేవడానికి నిరాకరించారు. మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని హతమార్చారు. ఆ వేసవిలో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవ నిర్వాహకులు కళాకారులను చూస్తున్న తీరుకు నిరసనగా రోచ్, మింగస్ కలిసి అదే పట్టణంలో పోటీ ఉత్సవం జరిపారు. అప్పటికే ఆయన, గీతరచయిత ఆస్కార్ బ్రౌన్‌తో కలిసి బానిసత్వ విమోచన ప్రకటన శతాబ్ది కోసం ఒక పెద్ద రచనకు పూనుకుని ఉన్నాడు. శతాబ్ది 1963లో రావలసి ఉంది. కాని వీధులలో చరిత్ర వేగంగా నడుస్తున్నది. అంతవరకు ఆగడం ఆయనకు సాధ్యం కాలేదు. 1960 ఆగస్టు, సెప్టెంబరులలో స్వేచ్ఛ ఇప్పుడే కావాలని శీర్షికలోనే ఘోషించే ఆ రచన రికార్డయింది.

దాని అట్టమీది చిత్రమే ఒక సవాలు. ఫలహారపు బల్ల ముందు ముగ్గురు నల్లవారు కూర్చుని మనవైపు చూస్తున్నారు. వెనుక తెల్ల పరిచారకుడు. లోపల ఐదు ఖండికలు. మొదటిది బానిసలను తోలే కంకాణిని గురించినది. ఐదు మాత్రల నడకలో, మన ఖండగతిని తలపించే లెక్కలో సాగే ఆ పాటలో ప్రతి ఆవర్తనం మొదట డ్రమ్ము దెబ్బ కొరడా దెబ్బలా వినవస్తుంది. అందులో వృద్ధ విద్వాంసుడు కోల్మన్ హాకిన్స్ శాక్సోఫోన్ ఒకచోట కీచుమంది. దానిని సరిదిద్దుదామంటే హాకిన్స్ ఒప్పుకోలేదు. ఇటువంటి రచనలో అంతా నిర్దోషంగా ఉండడమే దోషమని ఆయన అభిప్రాయం. గాయని ఎబీ లింకన్ కంఠం, రోచ్ డ్రమ్ములు మాత్రమే ఉన్న మూడవ ఖండికలో ఒక్క మాట కూడా లేదు. ప్రార్థనగా ఆరంభమై, మధ్యలో నిమిషానికి పైగా ఆర్తనాదమై, చివరకు అలసిన శాంతిగా అది ముగుస్తుంది. ఆ ఆర్తనాదం సంగీతమేనా అని అప్పుడు సందేహించిన వారున్నారు. కరుణ, రౌద్రం అనే రెండు రసాలు ఒకే గొంతులో ఒకేసారి ఎలా ఉంటాయో అలంకార శాస్త్రం చదివినవారు అక్కడ వినవచ్చునని నా విశ్వాసం. చివరి రెండు ఖండికలు ఆఫ్రికాకు అంకితం. ఒకదానిలో లింకన్ ఆఫ్రికా జాతుల పేర్లు ఉచ్చరిస్తూ ఉంటే, నైజీరియా వాద్యకారుడు ఒలతుంజి యొరుబా భాషలో బదులిస్తాడు. చివరిది జోహానెస్‌బర్గ్ కోసం కార్చిన కన్నీరు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆ రికార్డును నిషేధించింది.

1961 జనవరిలో న్యూయార్క్‌లో, జాతి సమానత్వ సంస్థకు నిధి కోసం ఈ రచనను వేదిక మీద ప్రదర్శించారు. ఆ మరుసటి నెల కాంగో నాయకుడు లుముంబా హత్యకు నిరసనగా ఐక్యరాజ్యసమితి భద్రతామండలి సభలోకి ప్రవేశించిన వారిలో ఎబీ లింకన్ ఉన్నది. మే నెలలో కార్నెగీ హాలులో రోచ్ పాత మిత్రుడు మైల్స్ డేవిస్ కచేరీ ఒక ఆఫ్రికా సహాయ సంస్థ నిమిత్తం జరుగుతూ ఉండగా, రోచ్ నినాద ఫలకం పట్టుకుని వేదిక మీద వచ్చి కూర్చున్నాడు. ఆ సంస్థ ఆఫ్రికా స్వాతంత్ర్యానికి మేలు చేయదని ఆయన నమ్మకం. డేవిస్ వాద్యం ఆపి లోపలికి వెళ్ళిపోయాడు. రోచ్‌ను తొలగించిన తర్వాతనే తిరిగి వచ్చాడు. మిత్రుని కచేరీకి భంగం కలిగించడం ఉచితమా అన్న ప్రశ్నకు నాకు కూడా తేలికైన సమాధానం తోచడం లేదు. అయితే సుఖంగా ఉండే చోట మాత్రమే నిరసన తెలిపే రకం మనిషి కాదాయన.

1962లో ఆయన, ఎబీ లింకన్ వివాహం చేసుకున్నారు. 1970లో విడిపోయారు. ఈ నడుమ కాలంలో వారు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. లింకన్ తన జాతిని అమ్ముకుంటున్నదనే అర్థం వచ్చేటట్లు ఒక విమర్శకుడు వ్రాశాడు. ఆ వివాదం మీద ఒక జాజ్ పత్రిక 1962లో ప్రత్యేక చర్చ జరిపింది. రోచ్‌కు పెద్ద సంస్థలలో రికార్డింగు అవకాశాలు సన్నగిల్లాయి. ఆయన దిశ మార్చుకోలేదు. 1971లో చర్చి గాయక బృందంతో నల్లవారి భక్తిగీతాలను రికార్డు చేశాడు.

మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఆయన ఆచార్యుడయ్యాడు. కేవలం తాళవాద్యకారులతోనే ఎంబూమ్ అనే బృందాన్ని 1970లో ఏర్పరిచాడు. 1981 నాటి ఒక రికార్డులో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగ ధ్వనికి తన డ్రమ్ములను జతచేశాడు. తోటివారు చాలామంది ముఖం చిట్లించిన హిప్‌హాప్ పాటగాళ్ళతో 1983లోనే కలిసి వాయించాడు. కుమార్తె మాక్సీన్ వయోలా వాయించే తీగవాద్య బృందాన్ని తన బృందంతో జోడించి కచేరీలు చేశాడు. 1988లో మెకార్థర్ ఫౌండేషన్ వారి విశిష్ట పురస్కారం లభించింది.

2007 ఆగస్టు 16న, ఎనభై మూడేళ్ళ వయస్సులో, న్యూయార్క్‌లో కన్నుమూశాడు. ఆయన పార్థివ దేహాన్ని బ్రాంక్స్‌లోని వుడ్‌లాన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. 1960 నాటి ఆ స్వేచ్ఛా రచనను అమెరికా జాతీయ గ్రంథాలయం 2022లో శాశ్వతంగా భద్రపరచవలసిన రికార్డుల పట్టికలో చేర్చింది.