జో లూయిస్

అమెరికా దేశమునకు దక్షిణ భాగమున అలబామా అను రాష్ట్రము కలదు. అచ్చటి పత్తిచేలలో ఒకప్పుడు నల్లజాతివారు బానిసలుగా పనిచేసిరి. బానిసత్వము చట్టముచే తొలగినను వారి పేదరికము తొలగలేదు. అట్టి చేలలో పాలునకు వ్యవసాయము చేయుచుండిన ఒక కుటుంబమున 1914వ సంవత్సరము మే నెల 13వ తేదీన జో లూయిస్ బారో జన్మించెను. తల్లిదండ్రులకు కలిగిన ఎనమండుగురు బిడ్డలలో అతడు ఏడవవాడు. అతడు పసివాడుగా నుండగనే తండ్రికి మతి చలించి పిచ్చాసుపత్రి పాలయ్యెను. తల్లి లిల్లీ బిడ్డలను పెంచుటకు పడిన పాట్లు ఇన్ని అన్ని కావు.

1926లో ఆ కుటుంబము బ్రతుకుతెరువు వెదకుకొనుచు డిట్రాయిట్ నగరమునకు తరలిపోయెను. తన కుమారుడు సంగీత విద్వాంసుడు కావలెనని లిల్లీ ఆశించెను. ఫిడేలు నేర్చుకొనుటకై ఆమె కూడబెట్టి యిచ్చిన కాసులను ఆ బాలుడు వ్యాయామశాలకు చెల్లించి, ముష్టియుద్ధము నేర్వసాగెను. కొంతకాలమునకు తల్లికి ఈ సంగతి తెలిసెను. ఆ విద్యలోనే రాణింపుమని ఆమె చెప్పుటయే గాని కోపించుట లేదు. ఇట్టి తల్లులు అరుదు.

1932లో జరిగిన అతని మొదటి పోటీ చూచినవారెవరును అతడు గొప్పవాడగునని అనుకొనియుండరు. ప్రత్యర్థి అతనిని పలుమారులు నేలకూల్చెను. లూయిస్ కొంతకాలము ఫోర్డు మోటారు కర్మాగారమున కూలిపని చేసి, మరల బరిలో ప్రవేశించెను. 1934లో అతడు వృత్తియోధుడయ్యెను. జాక్ బ్లాక్‌బర్న్ అను ప్రౌఢుడైన యోధుడు అతనికి గురువయ్యెను. తీర్పరుల తీర్పు నల్లజాతివానికి అనుకూలముగా నుండునని నమ్మరాదనియు, తీర్పు చెప్పవలసిన పనియే లేకుండునట్లు గెలువవలెననియు గురువు బోధించెను. పడినవానిని చూచి నవ్వరాదని అతని వ్యవహారములు చూచువారు కట్టడి చేసిరి. దీనికి కారణము కలదు. 1908లో జాక్ జాన్సన్ అను నల్లజాతివాడు హెవీ వెయిట్ ప్రపంచ విజేత యయ్యెను. తెల్లవారు అతని గర్వమును సహింపలేకపోయిరి. 1915లో అతడు ఓడిన పిదప మరియొక నల్లజాతివానికి ఆ బిరుదమునకై పోరాడు అవకాశమే దొరకలేదు.

1935లో లూయిస్ మాజీ ప్రపంచ విజేతలైన ప్రీమో కార్నెరాను, మాక్స్ బేర్‌ను ఓడించెను. అతనికి ఎదురులేదని పత్రికలు వ్రాసెను. ఆ మాట అతడును నమ్మినట్లు కనబడుచున్నది. తరువాతి పోరునకు సిద్ధపడవలసిన దినములలో సాధన తగ్గించి, క్రొత్తగా నేర్చుకొన్న గోల్ఫ్ ఆటలో ప్రొద్దు పుచ్చెను.

ఆ తరువాతి ప్రత్యర్థి మాక్స్ ష్మెలింగ్ అను జర్మన్ యోధుడు. ముప్పది యేండ్ల ప్రాయము గలవాడు. 1930 మొదలు 1932 వరకు ప్రపంచ విజేతగా నుండినవాడు. అతని కాలము గడచిపోయినదని అందరును తలచిరి. కాని ష్మెలింగ్ లూయిస్ పోరాటములను శ్రద్ధగా పరిశీలించి ఒక లోపమును కనిపెట్టెను. లూయిస్ ఎడమచేతితో సూటిగా పొడిచిన పిమ్మట ఆ చేతిని తిన్నగా వెనుకకు తీయక క్రిందికి జార్చును. ఆ క్షణమున అతని ఎడమ దవడకు కాపు ఉండదు. ష్మెలింగ్ కుడిచేతి దెబ్బయో మిక్కిలి బలమైనది. 1936వ సంవత్సరము జూన్ 19వ తేదీన న్యూయార్కులోని యాంకీ స్టేడియమున అతడు ఆ క్షణము కొరకే కాచుకొనెను. నాలుగవ రౌండులో లూయిస్ పడిపోయెను. లేచి పోరాడెనే కాని, తెలివి పూర్తిగా కుదుటపడలేదు. పండ్రెండవ రౌండులో మరల కూలి, రెఫరీ పది లెక్కించునంతలో లేవలేకపోయెను. నల్లజాతివారు నివసించు హార్లెమ్ వీధులలో పెద్దలు సైతము బిడ్డలవలె ఏడ్చిరి.

ఆ దినములలో జర్మనీని హిట్లర్ పాలించుచుండెను. తమ జాతియే శ్రేష్ఠమని చాటుకొను అతని పక్షమువారికి ఈ గెలుపు గొప్ప సాధనమయ్యెను. ఆ పోరు చలనచిత్రమును జర్మనీ యందంతట ప్రదర్శించిరి. ష్మెలింగ్ మాత్రము నాజీ పార్టీలో చేరినవాడు కాడు. అమెరికాలో అతని వ్యవహర్త ఒక యూదుడు. ఈ విషయము అప్పుడు పట్టించుకొన్నవారు తక్కువ.

1937వ సంవత్సరము జూన్ 22వ తేదీన షికాగోలో లూయిస్ జేమ్స్ బ్రాడక్‌ను ఎనిమిదవ రౌండులో పడగొట్టి ప్రపంచ విజేత యయ్యెను. న్యాయముగా చూచినచో బ్రాడక్‌తో ముందు పోరాడవలసినవాడు ష్మెలింగ్. ఒప్పందమును సయితము త్రోసిపుచ్చి అతనిని తప్పించిరి. అతడు నొచ్చుకొనుటలో వింత లేదు. లూయిస్ మనస్సునకును ఆ బిరుదము నిండుగా తోచలేదు. ష్మెలింగ్‌ను గెలుచువరకు తన్ను ఎవరును విజేత యని పిలువవలదని అతడు చెప్పెను.

రెండవ పోరు 1938వ సంవత్సరము జూన్ 22వ తేదీకి నిశ్చయమయ్యెను. లూయిస్ గెలువగలడా? ఈ ప్రశ్న రెండు దేశములలోను నలిగెను. ఒకసారి తెలివి తప్పునట్లు దెబ్బతిన్నవాడు అదే ప్రత్యర్థి యెదుట నిలిచినపుడు, ఆ దెబ్బ జ్ఞాపకమునకు రాక మానదని కొందరనిరి. బ్రాడక్ సైతము మొదటి రౌండులోనే లూయిస్‌ను ఒకసారి పడవేసెను గదా యని వారు చూపిరి. టామీ ఫార్ అనువాడు పదునైదు రౌండులు అతనికి ఎదురొడ్డి నిలిచిన సంగతిని గుర్తుచేసిరి. లూయిస్ పక్షమువారు వేరొక లెక్క చెప్పిరి. హారీ థామస్ అను యోధుని పడగొట్టుటకు ష్మెలింగ్‌కు ఎనిమిది రౌండులు పట్టెను. కొలది నెలల తరువాత లూయిస్‌కు అయిదే చాలెను. లూయిస్ ప్రాయము ఇరువది నాలుగు. ష్మెలింగ్ ముప్పది రెండు దాటినవాడు. ఇట్టి లెక్కలు రెండు వైపులను ఎన్నియైనను చెప్పవచ్చును. అసలు సంగతి ఆ జారు ఎడమచేయి. దానిని దిద్దుకొనినచో ష్మెలింగ్ కనిపెట్టిన రహస్యమునకు విలువ లేదు. దిద్దుకొననిచో బలమును ప్రాయమును అక్కరకు రావు.

బ్లాక్‌బర్న్ దానిని దిద్దించెను. పొడిచిన చేయి పొడిచినంత వేగముగా దవడ యొద్దకు తిరిగి రావలెను. అలవాటు మాన్పుట క్రొత్తవిద్య నేర్పుటకంటె కష్టము. న్యూజెర్సీలోని పాంప్టన్ లేక్స్ శిబిరమున లూయిస్ ఈసారి గోల్ఫ్ మాట తలపెట్టక సాధన చేసెను. ఇంకొక నిశ్చయమును గూడ చేసికొనెను. మొదటి పోరులో ష్మెలింగ్ దూరమున నిలిచి సమయము చూచుకొనుటకు తాను వీలిచ్చెను. ఈసారి ఆలోచించుకొను సమయమే ఇయ్యరాదు.

అప్పటికి హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించియుండెను. అమెరికా దేశమంతయు, తెల్లవారితో సహా, లూయిస్ గెలుపును కోరెను. అలబామాలో తెల్లవారితో ఒకే రైలుపెట్టెలో కూర్చుండు హక్కు కూడ లేనివాడు, ఆ రాత్రి దేశమంతటి పక్షమున పోరాడవలసి వచ్చెను.

ఇంచుమించు డెబ్బదివేలమంది యాంకీ స్టేడియమున చేరిరి. కోట్లకొలది జనులు రేడియోల చుట్టును మూగిరి. గంట మ్రోగినంతనే లూయిస్ ముందుకు దుమికెను. ఎడమచేయి జారలేదు. ష్మెలింగ్ కుడిచేతితో కొట్టగలిగినవి వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. లూయిస్ అతనిని త్రాళ్లకు అదిమి, ముఖముపైనను ప్రక్కలపైనను దెబ్బలు కురిపించెను. ఒక దెబ్బకు ష్మెలింగ్ బాధతో అరచెను. వెన్నుపూసలో ఎముక విరిగినట్లు తరువాత తెలిసెను. అతడు మూడుమారులు నేలకొరిగెను. అతని పక్షమువారు బరిలోనికి తువాలు విసరిరి. రెఫరీ ఆర్థర్ డోనవన్ పోరు ముగిసినదని ప్రకటించెను. గడచిన కాలము రెండు నిమిషముల నాలుగు సెకనులు. ఆలస్యముగా వచ్చిన ప్రేక్షకులు ఆసనములు వెదకుకొనుచునే యుండిరి.

ఆ యేడు నవంబరులో జర్మనీలో యూదులపై దాడులు జరిగినపుడు ష్మెలింగ్ ఇద్దరు యూదు బాలురను తన గదిలో దాచి రక్షించెను. లూయిస్ 1949 వరకు, పదునొకండేండ్ల ఎనిమిది నెలలు, విజేతగా నుండెను. ఇరువది అయిదు మారులు బిరుదమును కాపాడుకొనెను. 1942లో సైన్యమున చేరి, రెండు పోరులలో తనకు వచ్చిన ధనమును నౌకాదళ, సైనిక సహాయనిధులకు ఇచ్చివేసెను. అయినను పన్ను అధికారులు అతనిని విడువలేదు. బాకీలు తీర్చుటకై మరల బరిలో దిగి, 1951లో రాకీ మార్సియానో చేతిలో ఓడి, ముష్టియుద్ధమునుండి విరమించెను. చివరి దినములలో లాస్ వేగాస్ నగరమున ఒక హోటలులో అతిథులను ఆహ్వానించు కొలువు చేసెను. ఒకనాటి విజేతకు తగిన పని కాదని కొందరు నొచ్చుకొనిరి.

యుద్ధము ముగిసిన పిదప ష్మెలింగ్ వ్యాపారమున ధనము గడించెను. 1954లో అతడు అమెరికాకు వచ్చి లూయిస్‌ను వెదకుకొనుచు అతని యింటికి పోయెను. నాటినుండి వారు మిత్రులైరి. 1981వ సంవత్సరము ఏప్రిల్ 12వ తేదీన లూయిస్ మరణించెను. వాషింగ్టన్ నగర సమీపమున వీరసైనికులను ఖననము చేయు ఆర్లింగ్టన్ శ్మశానవాటికలో, రాష్ట్రపతి రీగన్ ప్రత్యేకానుమతితో, అతనిని సమాధి చేసిరి. ఆ అంత్యక్రియల ఖర్చులో కొంత ష్మెలింగ్ భరించెను.