ప్రజాజీవితమే కొలబద్ద – సురవరం ప్రతాపరెడ్డి

కృష్ణా, తుంగభద్రా నదుల నడుమ గల భూభాగాన్ని నడిగడ్డ అంటారు. గద్వాల, అలంపురం ప్రాంతాలు ఈ నడిగడ్డలోనివే. ఇరువైపులా నదులు ప్రవహిస్తున్నప్పటికీ, పొలానికి నీరందక రైతులు వానదేవుని కరుణకై ఎదురుచూసిన సీమ ఇది. ఈ సీమలోని ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి స్వగ్రామం. పాలన మంచిచెడ్డలను రాజప్రాసాదాల వైభవాన్ని బట్టి గాక, సామాన్యుని ఇంటిని, పొలాన్ని, చెరువును బట్టి నిర్ణయించాలని తన కృషి ద్వారా నిరూపించిన మహనీయుడాయన.

ప్రతాపరెడ్డి 1896 మే 28న జన్మించారు. తల్లి రంగమ్మ, తండ్రి నారాయణరెడ్డి. కర్నూలులోను, హైదరాబాదు నిజాం కళాశాలలోను, మద్రాసులోను చదివి, బి.ఏ., బి.ఎల్. పట్టాలు పొందారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారసీ, ఆంగ్ల భాషలలో పాండిత్యం సంపాదించారు. కొంతకాలం న్యాయవాద వృత్తి చేపట్టినా, ఆయన మనస్సు ప్రజాసేవ వైపే మొగ్గింది. కొత్వాలు వెంకటరామారెడ్డి ప్రోత్సాహంతో హైదరాబాదులోని రెడ్డి వసతిగృహానికి కార్యదర్శిగా పనిచేసి, పల్లెల నుండి వచ్చిన విద్యార్థులలో చదువు పట్ల, మాతృభాష పట్ల అనురాగాన్ని పెంపొందించారు.

నాటి హైదరాబాదు రాజ్యం ఏడవ నిజాం ఏలుబడిలో ఉండేది. గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలు నిజాముకు లోబడి తమ తమ ప్రాంతాలను పాలించేవి. పరిపాలన అంతా ఉర్దూలో సాగేది. తన భూమికి సంబంధించిన ఉత్తరువును తెలుగు రైతు తానే చదువుకొనలేని దుస్థితి నెలకొన్నది. గ్రామాలలో వెట్టిచాకిరి ప్రబలి ఉండేది. సభ జరుపుకొనాలన్నా ముందుగా ప్రభుత్వ అనుమతి పొందవలసిందే. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తరువు ప్రజల నోరు కట్టివేసింది. వయోజన ఓటు హక్కుతో ఏర్పడిన శాసనసభ లేదు. అధికారి చేసిన పనిని ప్రశ్నించి, లెక్క అడిగే వేదిక సామాన్యునికి లేకపోయింది.

ఆ లోటును కొంతవరకైనా తీర్చడానికి ప్రతాపరెడ్డి పత్రికను సాధనంగా ఎన్నుకొన్నారు. 1926 మే 10న హైదరాబాదు నుండి ‘గోలకొండ పత్రిక’ను ప్రారంభించారు. మొదట వారానికి రెండుమార్లు వెలువడిన ఈ పత్రిక 1947లో దినపత్రికగా మారింది. పల్లెలలోని కష్టసుఖాలను, అధికారుల ఆగడాలను ఆ పత్రిక నిర్భయంగా వెలుగులోకి తెచ్చింది. తమ ఊరి గోడు రాజధానిలో అచ్చై వస్తుందన్న నమ్మకం ప్రజలకు ధైర్యాన్ని, అధికారులకు జంకును కలిగించింది.

పాలకులకు ఇది రుచించలేదు. సంపాదకీయాలను అచ్చు వేయకముందే తమకు చూపాలని వారు ఆంక్ష విధించారు. ప్రతాపరెడ్డి తలవంచలేదు, తొందరపడి పత్రికను మూసివేయనూ లేదు. సంపాదకీయానికి బదులుగా, స్వేచ్ఛను గురించి, ధర్మపాలనను గురించి ప్రపంచ మేధావులు చెప్పిన సూక్తులను ఏర్చి ప్రచురించారు. చెప్పదలచిన విషయం పాఠకులకు చేరింది. నిషేధించడానికి పాలకులకు కారణం దొరకలేదు.

1930లో జోగిపేటలో జరిగిన తొలి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. తెలంగాణలో కవులే లేరన్న ఆక్షేపణకు సమాధానంగా, 354 మంది కవుల రచనలతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. ‘గ్రామజన దర్పణం’, ‘ప్రజాధికారములు’ వంటి పుస్తకాలు రచించారు. తన హక్కును ఎరిగినవాడే పాలకుని లెక్క అడుగగలడన్న భావన ఆయన కృషి వెనుక నిలిచి ఉన్నది.

1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఆయన కీర్తికి శిఖరం. రాజుల యుద్ధాలకు, వంశావళులకు ఆ గ్రంథంలో ప్రాధాన్యం లేదు. జనులు ఏమి తిన్నారు, ఎటువంటి ఇండ్లలో నివసించారు, చెరువులను ఎట్లా కాపాడుకొన్నారు, ఏయే వృత్తులతో, వ్యాపారాలతో బ్రతికారు అన్న విషయాలను కావ్యాల నుండి, శాసనాల నుండి సేకరించి సమన్వయించారు. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగులో తొలి పురస్కారాన్ని ఈ గ్రంథానికే ప్రకటించింది. అప్పటికి రచయిత జీవించి లేరు.

1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో ప్రతాపరెడ్డి వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనారు. అంతవరకు పత్రికలో అడిగిన ప్రశ్నలను సభలో అడిగే అవకాశం లభించింది. కాని ఆ భాగ్యం ఎక్కువ కాలం నిలువలేదు. 1953 ఆగస్టు 25న ఆయన పరమపదించారు.

ఆయన అనంతరం పాలమూరు సీమలో ఎన్నో మార్పులు వచ్చాయి. 1959లో జవహర్‌లాల్ నెహ్రూ అప్పట్లో ఈ జిల్లాలో ఉన్న షాద్‌నగర్‌లోనే ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ వ్యవస్థకు ప్రారంభోత్సవం చేశారు. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించింది. ఆర్థికాభివృద్ధి ప్రణాళికలను రూపొందించే బాధ్యతను పంచాయతీలకు అప్పగించడానికి మార్గం చూపింది. మరొక వంక, రాజోలిబండ కాలువ ద్వారా నడిగడ్డలో 87,500 ఎకరాలకు నీరివ్వాలని సంకల్పించినా, చివరి పొలాలకు నీరు చాలక రైతులు ఏండ్ల తరబడి ఆందోళన చేయవలసి వచ్చింది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణాతీరంలోని అనేక గ్రామాలు మునిగి, వేలాది కుటుంబాలు ఇండ్లు వాకిళ్లు కోల్పోయాయి. కాగితంపై గీసిన ప్రణాళికను నేలపై నిలిచి పరిశీలించేవారు ఉండాలని ఈ అనుభవాలు బోధిస్తున్నాయి.

ఆ పరిశీలనకు నేడు చట్టం ఉన్నది, సభ ఉన్నది. ప్రతాపరెడ్డి కాలంలో ఆ రెండూ లేవు. ఉన్నది ఒక కలం మాత్రమే. చేతిలో ఉన్న కొద్దిపాటి సాధనంతోనే ఆయన పాలకులను లెక్క అడిగారు. రేపు గ్రామసభలో కూర్చుండబోయే యువతరం ఆయన జీవితం నుండి గ్రహించవలసిన పాఠం ఇదే.