అంబేద్కరు విద్యాదీక్ష

భీమరావు రాంజీ అంబేద్కరు 1891వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన, ఇండోరు నగరమునకు చేరువనున్న మౌ అను పట్టణమున జన్మించెను. తండ్రియగు రాంజీ సక్పాల్ సైన్యమున సుబేదారు. అస్పృశ్యులుగా నెంచబడిన మహర్ కులమువా డగుటచే ఆ బాలుడు పాఠశాలలో తక్కినవారికి దూరముగా గోనెపట్టాపై కూర్చుండవలసి వచ్చెను. దప్పిక యైనను కుళాయిని ముట్టుట కధికారము లేదు. ఆ యవమానమును ఆయన యెన్నడును మఱవలేదు.

బరోడా మహారాజగు సయాజీరావు గైక్వాడు ఒసగిన విద్యార్థివేతనముతో అంబేద్కరు 1913లో అమెరికాకు వెడలి, న్యూయార్కు నందలి కొలంబియా విశ్వవిద్యాలయమున చేరెను. అచట ఆయన ప్రధానముగా నభ్యసించినది అర్థశాస్త్రము. సెలిగ్‌మన్ అను ఆచార్యునియొద్ద ప్రభుత్వముల ఆదాయవ్యయముల తీరును నేర్చెను. అంతటితో తృప్తి చెందక, జాన్ డ్యూయీ యొద్ద తత్త్వశాస్త్రమును, మఱికొందఱియొద్ద రాజనీతిని, చరిత్రను, సంఘశాస్త్రమును పఠించెను.

ఇన్ని విద్య లొక్కనికేల యని తోచవచ్చును. ధన మెవరికి చేరుచున్నదో అర్థశాస్త్రము తెలుపును. అధికార మెవరిచేత నున్నదో రాజనీతి తెలుపును. అది న్యాయమా కాదా యని తత్త్వశాస్త్రము విచారించును. కులవ్యవస్థలో ఈ మూడును పెనవేసికొని యున్నవి. ఏ యొక్క శాస్త్రముచేతను ఆ ముడి విడదు.

1916లో ఆయన లండను చేరి చదువు కొనసాగించెను. కాని మరుసటి యేడే వేతనము గడువు తీఱుటచే స్వదేశమునకు మరలవలసి వచ్చెను. అంత చదివినవానికిని బరోడాలో కులము కారణముగా తలదాచుకొన చోటు దొరకలేదు. అయినను ఆయన నిరాశ చెందలేదు. బొంబాయిలోని సిడెన్‌హాం కళాశాలలో అర్థశాస్త్రాచార్యుడై జీతములో మిగిల్చి, మిత్రునియొద్ద అప్పు చేసి, 1920లో తిరిగి లండను వెడలెను. రూపాయి సమస్యపై వ్రాసిన పరిశోధన గ్రంథమునకు 1923లో డాక్టరు పట్టము పొందెను.

ఆ విద్య దేశమునకు అక్కఱకు వచ్చెను. 1947లో ఆయన రాజ్యాంగ రచనా సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1949 నవంబరు 25వ తేదీన రాజ్యాంగ సభలో మాటలాడుచు, వోటులో అందఱు సమానులై, సంఘమునందును సంపదయందును అసమానులుగా నున్నచో ప్రజాస్వామ్యము నిలువజాలదని హెచ్చరించెను. అర్థశాస్త్రము, రాజనీతి, తత్త్వము మూడును ఆ యొక్క హెచ్చరికలో కలిసినవి.

1953లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టము నొసగెను. 1956 డిసెంబరు 6వ తేదీన ఢిల్లీలో ఆయన కన్నుమూసెను. విద్యను బ్రతుకుతెరువుకొఱకే గాక, తోడివారి బంధములను తెంచుటకు వినియోగించిన ధన్యుడు అంబేద్కరు.