కెర్నెల్ బిల్డ్ చేస్తారా? ముందు డెనిస్ రిచీని కలవండి

సూర్యాపేటలో చదివినా, కోదాడలో చదివినా, మిర్యాలగూడలో చదివినా ఇంజినీరింగ్‌లో అందరం చేసే పని ఒకటుంది. సి ల్యాబ్‌లో కూర్చుని హలో వరల్డ్ ప్రింట్ చేయడం, రికార్డు రాసి సంతకం పెట్టించుకోవడం, తర్వాత మర్చిపోవడం. సి కనిపెట్టింది ఎవరంటే డెనిస్ రిచీ అని బిట్ పేపర్‌లో టిక్ పెడతాం. ఎందుకు కనిపెట్టారో మాత్రం ఎవరూ అడగరు. ఆయన సి తయారు చేసింది ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కోసం.

లినక్స్ కెర్నెల్‌ను సొంతంగా బిల్డ్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, సిస్టమ్ పాడైతే ఎలా, అప్‌డేట్ ఎలా అని జూనియర్లు అడుగుతుంటారు. నేను ముందు ఈయన కథే చెప్తాను. సగం జవాబులు అందులోనే దొరుకుతాయి.

రిచీ 1941 సెప్టెంబర్ 9న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, బ్రాంక్స్‌విల్‌లో పుట్టారు. తండ్రి అలిస్టర్ బెల్ ల్యాబ్స్‌లో పనిచేసేవారు. డెనిస్ హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివి, అక్కడే పీహెచ్‌డీకి కూర్చున్నారు. 1968 నాటికి థీసిస్ రాసేశారు కూడా. కానీ బైండ్ చేసిన కాపీని లైబ్రరీకి ఇవ్వలేదు, దాంతో డిగ్రీ చేతికి రాలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన్ను ఫాలో కాకండి. ఆయనకు 1967లోనే బెల్ ల్యాబ్స్‌లో ఉద్యోగం ఉంది, మనకు సర్టిఫికెట్ లేకపోతే డ్రైవ్‌లో గేటు కూడా దాటనివ్వరు.

అప్పట్లో బెల్ ల్యాబ్స్, ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి మల్టిక్స్ అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ కడుతున్నాయి. పని ఎంతకీ తేలకపోవడంతో 1969లో బెల్ ల్యాబ్స్ తప్పుకుంది. ప్రాజెక్టు పోయింది, మిషన్ పోయింది. రిచీ సహోద్యోగి కెన్ థాంప్సన్ ఎవరూ పెద్దగా వాడని పాత పీడీపీ-7 కంప్యూటర్‌ను పట్టుకుని చిన్న సిస్టమ్ రాశారు. అదే యూనిక్స్. రిచీ మొదట్నుంచీ ఆ పనిలో ఉన్నారు. పాత ల్యాప్‌టాప్ ఉంది, దానిమీద ఇవన్నీ అవుతాయా అని అడిగేవాళ్లు ఈ పేరా ఇంకోసారి చదవండి.

ఆ యూనిక్స్ మొత్తం అసెంబ్లీలో ఉండేది. అసెంబ్లీ ఒక ప్రాసెసర్‌కు రాస్తే ఇంకోదానికి పనికిరాదు. మిషన్ మారితే అంతా మళ్లీ రాయాల్సిందే. థాంప్సన్ దగ్గర బి అనే చిన్న లాంగ్వేజ్ ఉంది గానీ అందులో డేటా టైపులు లేవు. కొత్తగా వచ్చిన పీడీపీ-11కి అది చాలలేదు. రిచీ బికి టైపులు చేర్చి, కొత్త కంపైలర్ రాసి, దాన్ని సిగా మార్చారు.

ఇక్కడ మనకు కావాల్సిన ముఖ్యమైన ఘట్టం. 1972లో థాంప్సన్ ఆ తొలి సితో యూనిక్స్‌ను తిరగరాద్దామని కూర్చున్నారు. కాలేదు. పక్కన పడేశారు. కారణం, అప్పటి సిలో స్ట్రక్చర్లు లేవు. కెర్నెల్ నడిపే ప్రతి ప్రోగ్రామ్‌కు ఒక నంబరు, ఒక స్థితి, దానికిచ్చిన మెమరీ, అది తెరిచిన ఫైళ్లు ఉంటాయి. ఇవన్నీ ఒకే కట్టగా పట్టుకునే మార్గం లేకపోతే కెర్నెల్ రాయడం నరకమే. రిచీ లాంగ్వేజ్‌లోకి స్ట్రక్చర్లు తెచ్చారు. 1973 ఎండాకాలంలో ఇద్దరూ కలిసి కెర్నెల్‌ను సిలో తిరగరాసేశారు. మనం ఐదు మార్కుల కోసం బట్టీపట్టిన స్ట్రక్ట్ ఉందే, అదే. ఇవాళ్టి లినక్స్ కెర్నెల్ సోర్స్ తెరిచి టాస్క్ స్ట్రక్ట్ అని వెతకండి. ఒక్కో ప్రాసెస్ వివరాలు మోసే ఆ స్ట్రక్చర్ కొన్ని వందల లైన్లు సాగుతుంది.

కాబట్టి మొదటిసారి బిల్డ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతే కంగారు వద్దు. ఎక్కువసార్లు కారణం చిన్నదే: ఫ్లెక్స్, బైసన్ లాంటి టూల్ ఇన్‌స్టాల్ కాకపోవడమో, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ హెడర్లు లేకపోవడమో, డిస్క్ నిండిపోవడమో. నాకు మొదటిసారి డిస్కే నిండింది, రెండు గంటలు నడిచాక. కనీసం 15 జీబీ ఖాళీ ఉంచుకోండి. చివరి లైన్ చూసి భయపడకుండా పైకి స్క్రోల్ చేసి మొదటి ఎర్రర్ చదవండి, అసలు విషయం అక్కడుంటుంది.

కాన్ఫిగరేషన్‌లో వేలకొద్దీ ఆప్షన్లు చూసి చాలామంది అక్కడే వదిలేస్తారు. అన్నీ మీరు ఎంచుకోనక్కర్లేదు. ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ కాన్ఫిగ్ ఫైల్ బూట్ ఫోల్డర్‌లోనే ఉంటుంది, దాన్ని కాపీ చేసుకోండి. మేక్ లోకల్‌మోడ్‌కాన్ఫిగ్ అని ఇస్తే ప్రస్తుతం లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లే మిగులుతాయి, బిల్డ్ సమయం బాగా తగ్గుతుంది. అది ఇచ్చే ముందు మీరు వాడే వైఫై డాంగిల్, పెన్‌డ్రైవ్ అన్నీ పెట్టి ఉంచండి, లేకపోతే కొత్త కెర్నెల్ వాటిని గుర్తుపట్టదు. తర్వాత మేక్, ఆపైన మాడ్యూల్స్ ఇన్‌స్టాల్, ఇన్‌స్టాల్. పాత కెర్నెల్‌ను మాత్రం తీసేయొద్దు. కొత్తది బూట్ కాకపోతే గ్రబ్ మెనూలో పాతది ఎంచుకుని బయటపడొచ్చు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని మీ కెర్నెల్‌ను అది ఆపేస్తుంది, బగ్ అనుకుని రాత్రంతా కూర్చోకండి. ఇంకా భయమైతే వర్చువల్ మిషన్‌లో చేయండి.

మేక్ కూడా బెల్ ల్యాబ్స్ సరుకే. 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశారు. ఏ ఫైల్ మారిందో చూసి దాన్ని, దానిమీద ఆధారపడ్డవాటిని మాత్రమే మళ్లీ కంపైల్ చేస్తుంది. అందుకే రెండోసారి బిల్డ్ త్వరగా అయిపోతుంది.

మళ్లీ రిచీ దగ్గరికి వద్దాం. కెర్నెల్ సిలోకి వచ్చాక దాన్ని వేరే మిషన్‌కు మోయొచ్చా అన్నది ప్రశ్న. 1970ల చివర్లో ఆయన, స్టీవ్ జాన్సన్ కలిసి యూనిక్స్‌ను ఇంటర్‌డేటా 8/32 అనే పూర్తిగా వేరే కంప్యూటర్ మీద నడిపించి చూపించారు. ఒకే లినక్స్ సోర్స్ ఇవాళ మీ ఫోన్‌లోనూ, సర్వర్‌లోనూ నడుస్తోందంటే ఆ దారి అప్పుడే పడింది.

ఏటీ అండ్ టీ అప్పట్లో కంప్యూటర్ వ్యాపారం చేయకూడదన్న ఒప్పందంలో ఉండేది. అందుకని యూనివర్సిటీలకు యూనిక్స్‌ను తక్కువ రుసుముకు, సోర్స్‌తో సహా ఇచ్చింది. సోర్స్ ఇవ్వడమంటే ఏంటో మిర్యాలగూడవాళ్లకు చెప్పక్కర్లేదు. మిల్లు నుంచి వచ్చిన బియ్యంతో అన్నం వండుకోవచ్చు, నారు పోయలేం. నారు పోయాలంటే వడ్లు కావాలి. యూనివర్సిటీలకు దొరికింది వడ్లు. తర్వాత 1979లో వచ్చిన ఏడో ఎడిషన్ లైసెన్స్‌తో క్లాసులో సోర్స్ చెప్పడానికి వీల్లేకుండా పోయింది. దాంతో ఆండ్రూ టానెన్‌బామ్ 1987లో పాఠాల కోసం సొంతంగా మినిక్స్ రాశారు. దాన్ని వాడుతూ 1991లో హెల్సింకీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టారు. అందులో రిచీ రాసిన కోడ్ లేదు. రిచీ లాంగ్వేజ్, యూనిక్స్ పద్ధతి ఉన్నాయి.

రిచీకి, థాంప్సన్‌కు 1983లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. అంతకుముందే 1978లో బ్రయాన్ కెర్నిఘన్‌తో కలిసి రాసిన సి పుస్తకం ప్రపంచమంతా పాకింది. 2007లో రిటైరయ్యేదాకా రిచీ ఉద్యోగం ఒకే సంస్థలో సాగింది, పైన బోర్డు మీద పేరు మారిందంతే.

ఇక అప్‌డేట్ సంగతి. ఉబుంటు ఇచ్చే అప్‌డేట్లు మీరు సొంతంగా బిల్డ్ చేసిన కెర్నెల్‌కు రావు. ఆ బాధ్యత మీదే. 6.12.10 నుంచి 6.12.11 లాగా మూడో అంకె మారితే బగ్, సెక్యూరిటీ సవరణలు. రెండో అంకె మారితే కొత్త ఫీచర్లు కూడా వస్తాయి. కొత్త సోర్స్‌లోకి మీ పాత కాన్ఫిగ్ తెచ్చి మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ ఇవ్వండి. కొత్త ఆప్షన్లకు డీఫాల్ట్ విలువలు అదే పెట్టుకుంటుంది.

దీనితో ఉద్యోగం వస్తుందా అంటే, ఒక్కసారి బిల్డ్ చేసినంత మాత్రాన రాదు. కానీ హైదరాబాద్‌లో చిప్, ఎంబెడెడ్ కంపెనీలు ఉన్నాయి. కెర్నెల్ బిల్డ్ చేశానని రెజ్యూమెలో రాశాక, ఎక్కడ ఫెయిలైంది, ఎలా సరిచేశావు అని అడిగితే చెప్పగలగాలి. అది ఎర్రర్లు చదివినవాళ్లకే వస్తుంది. అమీర్‌పేట ఫీజు అక్కర్లేదు, ఓపిక కావాలి.

రిచీ పెళ్లి చేసుకోలేదు, ఒంటరిగానే ఉండేవారు. 2011 అక్టోబర్ 12న న్యూజెర్సీలోని ఇంట్లో చనిపోయి కనిపించారు. అంతకు వారం ముందు స్టీవ్ జాబ్స్ పోయినప్పుడు ప్రపంచమంతా కదిలింది, ఈయన వార్త చాలా పేపర్లలో లోపలి పేజీల్లోకి వెళ్లింది. ఆ నవంబర్‌లో వచ్చిన ఫెడోరా 16 లినక్స్‌ను మాత్రం దాన్ని తయారుచేసినవాళ్లు ఆయనకు అంకితమిచ్చారు.